వింటూ చదవడం: చిన్న ఉపకరణాలతో పఠన బోధన – మా సాయంత్రం గది అనుభవాలు



ఈ వార్షిక సంచికకు విద్య మీద ఒక వ్యాసం కావాలని కార్యదర్శి గారు అడిగారు. 'టెక్నాలజీ – విద్య' అని శీర్షిక కూడా ఆయనే సూచించారు. ఇలాంటి సంచికల్లో విద్య మీద వ్యాసమంటే 'ఇఖ్రా' అనే మాటతో మొదలుపెట్టడం ఆనవాయితీ. నేను మాత్రం ఒక అమ్మాయి గురించి మొదలుపెడతాను. ఆ మాటకు అర్థం 'చదువు' అని మనందరికీ తెలుసు. నా వ్యాసం చదవలేకపోతున్న పిల్లల గురించి.

పోయిన సంవత్సరం జూలైలో మన సంస్థ నడిపే సాయంత్రం చదువు గదికి ఆ అమ్మాయి వచ్చింది. ఆరో తరగతి. వాళ్ల నాన్న ఆటో నడుపుతారు, తల్లి ఇంట్లో మిషన్ కుడుతుంది. ఐదో తరగతి తెలుగు వాచకం చేతికిచ్చి చదవమన్నాను. మొదటి పేరా గడగడా చదివేసింది. బాగుందే అనుకుని, ఆ పేరా మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటి తల్లీ?" అని అడిగాను. నోరు మెదపలేదు. కాసేపాగి పేరా మొదటికి వెళ్లి, పెదవులు కదుపుతూ ఆ మాట దాకా వచ్చి అప్పుడు చెప్పింది. పేజీలు తిప్పి ఎప్పుడూ చూడని కథ ఒకటి చూపించాను. మొదటి వాక్యం కూడా దాటలేకపోయింది. ఆమె నోటు పుస్తకాలు చూస్తే దస్తూరీ ముత్యాల్లా ఉంది. బోర్డు మీద ఉన్నదాన్ని తప్పు లేకుండా దింపుకుంటుంది. విన్నదాన్ని కంఠస్థం చేస్తుంది. అయిదేళ్లు బడిలో అలా నెట్టుకొచ్చింది. ఎవరూ మధ్యలో వేలు పెట్టి అడగలేదు.

ఆ అమ్మాయి నాజిరా పూర్తిచేసింది. ఖురాన్ తెరిచి ఏ పుటలోనైనా చూసి చదవగలదు. అంటే కంటికీ నాలుకకూ ముడివేసే పని ఆమెకు ఒక లిపిలో బాగా వచ్చు. లోపం పిల్లలో లేదని ఆ రోజే తేలిపోయింది.

ఇలాంటి పిల్లలు ఒకరిద్దరే అనుకోకండి. ప్రథమ్ సంస్థ తోడ్పాటుతో దేశంలోని పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి చేసే అసర్ సర్వేలో పిల్లలకు రెండో తరగతి స్థాయి పాఠం ఇచ్చి చదివిస్తారు. మూడో తరగతి పిల్లల్లో దాన్ని చదవగలిగినవారు 2018లో 27.3 శాతం. కోవిడ్ తర్వాత 2022లో అది 20.5 శాతానికి పడిపోయింది. 2024లో మళ్లీ 27.1కి చేరింది. పూర్వస్థితికి వచ్చామని కొందరు సంతోషించారు. నలుగురిలో ముగ్గురు చదవలేకపోవడమే ఆ పూర్వస్థితి అన్నది వాళ్లకు గుర్తున్నట్టు లేదు. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో ప్రారంభించిన నిపుణ్ భారత్ పథకం 2026–27 నాటికి మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టుకుంది. మూడు దాటి ఆరులోకి వచ్చేసిన మన పిల్లలు ఆ లెక్కలోకి రారు. వాళ్లకు మిగిలింది ఇలాంటి సాయంత్రం గదులే.

అక్షరం దగ్గర అసలు చిక్కు

ఉపకరణాల సంగతి చెప్పేముందు రోగం ఏమిటో చెప్పాలి. మందు తర్వాత.

మన ఇళ్లలో చాలామంది పిల్లలు ఉర్దూ మాట్లాడతారు, మక్తబ్‌లో అరబీ చదువుతారు, బడిలో తెలుగు, ఇంగ్లిషు చదువుతారు. అంటే పదేళ్లలోపు మూడు లిపులు. రెండు ఎడమ నుంచి కుడికి, ఒకటి కుడి నుంచి ఎడమకు. దీన్ని భారంగానే చూడటం అలవాటైపోయింది. మా గదిలో మేం దాన్నే నిచ్చెనగా వాడాం. ఖాయిదాలో జబర్, జేర్, పేష్ నేర్చిన పిల్లకు తెలుగు గుణింతం కొత్త కాదు. కాఫ్‌కు జబర్ పెడితే 'క', జేర్ పెడితే 'కి', పేష్ పెడితే 'కు'. జేర్ అక్షరం కింద వస్తుంది, మన గుడి అక్షరం పైన కూర్చుంటుంది, అంతే తేడా. జజమ్ అంటే మన పొల్లు. తష్‌దీద్ అంటే ద్విత్వాక్షరం. 'అమ్మ'లో మకారం మీద తష్‌దీద్ ఉందనుకో అంటే చాలు. ఈ పోలిక చెప్పిన రోజు ఆ అమ్మాయి మొహం చూడాల్సింది. "అయితే ఇది నాకొచ్చు మేడమ్" అంది.

కానీ పోలిక ఆగిపోయే చోట్లు ఉన్నాయి. మన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే. అరబీలో ఎ, ఒ అచ్చులు లేవు. ఉర్దూలో ఏ, ఓ ఉన్నాయి గానీ తెలుగులోలాగా పొట్టి, పొడుగు అనే తేడాతో అర్థం మారదు. అందుకే 'వెల'కూ 'వేల'కూ, 'కొన'కూ 'కోన'కూ తేడా వాళ్ల చెవికి మొదట అందదు. ణ, ళ శబ్దాలూ అంతే. 'కళ' అని రాసి ఉంటే 'కల' అని చదువుతారు. అది కంటి తప్పు కాదు, చెవి తప్పు. చెవికి అందని శబ్దాన్ని కన్ను గుర్తుపట్టలేదు.

ఇక ఒత్తులు. త, న, మ, య, ర, ల లాంటి వాటికి ఒత్తు రూపానికీ అక్షరం రూపానికీ పోలికే ఉండదు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది, దాన్ని మా ఉపాధ్యాయులమే చాలాకాలం గమనించలేదు. 'కుర్చీ' అని రాసినప్పుడు దీర్ఘం గుర్తు ఎక్కడుంది? రకారం మీద. పలికేటప్పుడు ఎక్కడ వస్తుంది? చకారం తర్వాత. కంటికి కనిపించిన వరసలో చదివే పిల్ల 'కురీచ' అంటుంది. 'పార్టీ'ని 'పారీట' అంటుంది. మనం నవ్వుతాం, లేదా విసుక్కుంటాం. నిజానికి ఆ పిల్ల చూసింది చూసినట్టే చదివింది.

ఇవన్నీ దాటి అక్షరాలు కూడబలుక్కునే పిల్లకు ఇంకో గోడ ఎదురవుతుంది. 'వెళ్లిపోతున్నారేమోననుకుంది' అనేది మనకు ఒక్క మాట. కూడబలుక్కునే పిల్ల చివరి అక్షరానికి వచ్చేసరికి మొదటి అక్షరం మర్చిపోతుంది. వాక్యం చివరికి వచ్చేసరికి వాక్యం మొదలే గుర్తుండదు. ఇక అర్థం ఎక్కడిది? చదవడం ధారగా సాగితేనే మనసు అర్థం వైపు తిరుగుతుంది. ఆ ధార రావాలంటే ఒకటే దారి: ధారగా చదివే గొంతును పక్కన కూర్చుని వినడం, వింటూ అక్షరాల మీద వేలు కదపడం, అదే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదవడం. మన ఇళ్లలో పిల్లకు తెలుగు పుస్తకం చదివి వినిపించే గొంతు ఉండదు. తల్లికి తెలుగు లిపి రాదు, తండ్రి ఇల్లు చేరేసరికి రాత్రి పదవుతుంది. బడిలో నలభై మందికి ఒక టీచరు.

ఆ లేని గొంతును తెచ్చిపెట్టే పని దగ్గరే మాకు యంత్రం అవసరమైంది. అంతకుమించి దాని దగ్గర మేం ఏమీ ఆశించలేదు.

పాత ఫోను, మెమరీ కార్డు స్పీకరు

1976లో అమెరికాలో కేరల్ చామ్‌స్కీ అనే పరిశోధకురాలు ఒక వ్యాసం ప్రచురించారు. మూడో తరగతి చదువుతున్న అయిదుగురు పిల్లలు; అక్షరాలు వచ్చు, విడివిడిగా మాటలూ పలుకుతారు, కానీ పుస్తకం చదవలేరు. ఆమె కథల పుస్తకాలను టేపుల్లో చదివించి పిల్లలకు ఇచ్చారు. పుస్తకం ముందు పెట్టుకుని టేపు వింటూ, ధారగా వచ్చేవరకూ అదే కథను చదవడం. మొదటి పుస్తకానికి ఎక్కువ రోజులు పట్టాయి, తర్వాతి పుస్తకాలకు తగ్గుతూ వచ్చాయి. 1979లో శామ్యూల్స్ అనే మరో విద్యావేత్త ఒకే చిన్న పాఠాన్ని పదేపదే చదివించే పద్ధతిని వివరించారు. నేను బి.ఇడి. చదివిన రోజుల్లో బోధనోపకరణాలంటే ఫ్లానెల్ బోర్డు, చుట్ట నల్లబల్ల, తలకిందులుగా పెట్టినా ఎవరూ గమనించని ఫిలిం స్ట్రిప్పు. టేప్ రికార్డరు గురించి ఒక పేరా ఉండేది, పరీక్షకు రాసి మర్చిపోయాం. ముప్పై ఏళ్ల తర్వాత ఆ పేరా పనికొచ్చింది.

మేం చేసింది చెబుతాను. ఒక దాత తన పాత ఫోను ఇచ్చారు. తెర మీద ఒక మూల పగిలింది, మైకు బాగుంది. దాంట్లో సిమ్ వెయ్యలేదు. మూడు చిన్న స్పీకర్లు, వాటికి మెమరీ కార్డులు కొన్నాం, మూడువేలలోపే అయ్యింది. అరవై డెబ్బై మాటలుండే చిన్న పాఠాలు ఎంచుకున్నాం. డిగ్రీ చదువుతున్న ఇద్దరు అమ్మాయిలు, పిల్లలకు ఆపాలు, వాటిని చదివి రికార్డు చేశారు.

ఇదేమంత పని అనుకున్నాం గానీ మొదటి పది రికార్డులూ పారేయాల్సి వచ్చింది. ఆపాలు వార్తలు చదివినంత వేగంగా చదివారు, పిల్లల వేలు వెనకబడిపోయింది. నెమ్మదిగా చదవమంటే మాటను ముక్కలు చేసి చదివారు. అది విన్న పిల్లలు అలాగే ముక్కలుగా చదవడం నేర్చుకున్నారు. చివరికి తేలిందేమిటంటే, మాటను మాటగానే పలకాలి, మాటకూ మాటకూ మధ్య కాస్త ఆగాలి, వాక్యం చివర ఇంకాస్త ఎక్కువ ఆగాలి. పుట తిప్పాల్సిన చోట గ్లాసు మీద చెంచాతో ఒక దెబ్బ. ఫ్యాను ఆపేయాలి, లేకపోతే గాలివాన వెనక నుంచి చదివినట్టు ఉంటుంది. ఒక రికార్డులో పాఠం మధ్యలో అస్ర్ అజాన్ పడింది. తీసేద్దామనుకున్నాం. పిల్లలకు అదే ఎక్కువ నచ్చింది, ఉంచేశాం.

పిల్ల చేసే పని ఇది. ముందు ఆపా ఆ కథను రెండు నిమిషాల్లో ఉర్దూలో చెబుతుంది. తెలుగు నేర్పే చోట ఉర్దూ ఏమిటని నా తోటి టీచర్లు కొందరు ఆక్షేపించారు. కథ ఏమిటో తెలియని పిల్లకు ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ సమానమైన గీతలే. 'తేలు' అంటే బిచ్ఛూ అని తెలిసిన పిల్ల దాన్ని 'తెలు' అని చదివి ఆగిపోదు, తనే సరిదిద్దుకుంటుంది. కాబట్టి ఉర్దూ ముందు. తర్వాత స్పీకరు పెట్టుకుని రెండుసార్లు, పుస్తకంలో మాటల కింద వేలు కదుపుతూ వినడం. మూడోసారి స్పీకరుతో కలిసి చదవడం. ఆ తర్వాత స్పీకరు ఆపి తనంతట తను చదవడం, దాన్ని ఫోనులో రికార్డు చేసుకుని తన గొంతు తనే వినడం. వేలు కదపడం తప్పనిసరి. వేలు ఆగితే అది వినికిడే, చదువు కాదు. మా అమ్మాయికి కంఠస్థం చేసే శక్తి ఎక్కువ కాబట్టి ఆ ప్రమాదమూ ఎక్కువ. అందుకే రెండో రోజు ఆపా అదే కథలోని మాటలను చీటీల మీద రాసి, వరస మార్చి చూపిస్తుంది.

తన గొంతు తను వినడంలో ఒక విశేషం ఉంది. 'కురీచ' అని మనం దిద్దితే పిల్ల ముడుచుకుపోతుంది. అదే తప్పును తన గొంతులో విన్నప్పుడు ఎవరూ చెప్పకుండానే నవ్వి, "మళ్లీ చేస్తాను ఆపా" అంటుంది. రికార్డరు ముందు సిగ్గు ఉండదు. ఎన్నిసార్లు తప్పు చదివినా దానికి విసుగు రాదు. ఈ విషయంలో యంత్రం నాకంటే మెరుగని ఒప్పుకుంటున్నాను.

ఆ అమ్మాయి మొదటి రికార్డు జూలై నెలాఖరుది. అరవై మాటల పాఠానికి దాదాపు నాలుగు నిమిషాలు పట్టింది. అక్టోబరులో అంతే పొడవున్న, అంతకుముందు చూడని పాఠాన్ని నిమిషంన్నరలో చదివింది. ఒకరోజు వాళ్ల నాన్న ఆమెను తీసుకెళ్లడానికి వస్తే రెండు రికార్డులూ వినిపించాను. ఆయనకు తెలుగు చదవడం రాదు, వినడం వచ్చు. మార్కుల కాగితం మీద ఇన్నేళ్లూ వేలిముద్ర వేసిన మనిషి. మొదటిది విని తల వంచుకున్నారు. రెండోది విని, "ఇదీ మా పాపేనా మేడమ్?" అని అడిగి, తన ఫోనులోకి పంపమన్నారు. స్టాండులో తోటి ఆటోవాళ్లకు వినిపించారట. ఆ తర్వాతి వారం ఆ స్టాండు నుంచే ముగ్గురు పిల్లలు కొత్తగా వచ్చారు.

మిగతా పనిముట్లు

బొమ్మ మీద పాట వస్తుండగా కింద అదే భాషలో అక్షరాలు వచ్చే పద్ధతి మీరు టీవీలో చూసే ఉంటారు. అహ్మదాబాద్ ఐఐఎంకు చెందిన బ్రిజ్ కొఠారి 1996లో దాన్ని పరిశోధనగా చేపట్టారు. విద్యార్థిగా ఉన్నప్పుడు స్పానిష్ సినిమా చూస్తూ, కింద అక్షరాలు స్పానిష్‌లోనే ఉంటే భాష వచ్చేస్తుంది కదా అనిపించడం దానికి మూలం. 1999లో గుజరాత్ దూరదర్శన్‌లో సినిమా పాటలతో మొదలైంది. పాట మాటలు చెవికి ముందే తెలుసు కాబట్టి కన్ను అక్షరాల వెంట తేలిగ్గా నడుస్తుంది. మా గదిలో సినిమా పాటలు వద్దన్న తల్లిదండ్రులు ఉన్నారు, వాళ్ల మాట మన్నించాం. దానికి బదులు పిల్లలకు నోటికి వచ్చిన నాత్‌లను తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి, పాడుతూ కర్రతో చూపించాం. మాటలు ఉర్దూ, అక్షరాలు తెలుగు. కరెంటు కూడా అక్కర్లేదు. ఖ, ఘ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు మా పిల్లలకు కుదిరింది ఈ చార్టుల వల్లే.

ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో పిల్లల కథలు ఉచితంగా దొరుకుతాయి, దింపుకుని అచ్చు వేసుకోవచ్చు. ఒకే కథ తెలుగులోనూ ఉర్దూలోనూ దొరికే సందర్భాలు ఉన్నాయి. ఉర్దూ చదవగల తల్లికి ఆ ప్రతి, పిల్లకు తెలుగు ప్రతి ఇచ్చి పంపితే ఇంట్లో కథ మీద మాట నడుస్తుంది. మా ఖర్చులో పెద్ద భాగం ఈ ప్రింట్లకే పోయింది, అందుకు విచారం లేదు. తెర మీద కంటే కాగితం మీద వేలు కుదురుగా నిలుస్తుంది.

గూగుల్ వాళ్ల రీడ్ అలాంగ్ 2019లో బోలో అనే పేరుతో వచ్చింది. పిల్ల పైకి చదువుతుంటే ఫోను విని, ఆగిన మాట దగ్గర పలికి సాయం చేస్తుంది. తెలుగు, ఉర్దూ రెండింటిలోనూ కథలు వచ్చాయి. ఒంటరిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట మంచి సాధనమే. ఇరవై మంది ఒకేసారి చదివే గదిలో దానికి ఎవరి గొంతు వినాలో తెలియలేదు. పైగా అది పలకడం చూస్తుంది గానీ, 'ఆ ముసలాయన ఎందుకు ఏడ్చాడు?' అని ఆపాలా అడగదు. మేం దాన్ని సెలవుల్లో ఇళ్లకు మాత్రమే సిఫారసు చేశాం.

పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన కనిపించే చదరపు గళ్ల గుర్తు చాలామంది తల్లిదండ్రులకు అలంకారంగానే తెలుసు. ఫోనుతో దాన్ని చూస్తే దీక్షా వేదికలో ఆ పాఠానికి చెందిన వీడియో తెరుచుకుంటుంది. ఇది సబ్జెక్టు పాఠాలకు పనికొస్తుంది. చదవడమే రాని పిల్లకు వీడియో చూపిస్తే పాఠం అర్థమవుతుంది, చదవాల్సిన అవసరం తప్పిపోతుంది. అది మాకు వద్దు.

అట్టపెట్టెల్లోని కంప్యూటర్లు

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక బడికి దాతల సొమ్ముతో కంప్యూటర్ గది వచ్చింది. ప్రారంభోత్సవంలో ఉపన్యాసం ఇచ్చింది నేనే. 'ఈ గది మన పిల్లల తలరాత మారుస్తుంది' అన్నాను. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. నేర్పే మనిషికి జీతం పద్దు ఎవరూ రాయలేదు, మరమ్మతుకు పద్దు లేదు, తెలుగులో చదివించే సరుకు ఏదీ వాటిలో లేదు. రెండో ఏడాదికి యూపీఎస్ బ్యాటరీలు పోయాయి. ప్లాస్టిక్ కవర్లు తొడిగి తాళం వేశారు. పిల్లలు పాడుచేస్తారన్న భయం అందరికంటే ఎక్కువ నాకే ఉండేది. గోడ మీద దాతల పేర్లున్న పలక మాత్రం ఇప్పటికీ మెరుస్తోంది.

ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశం పిల్లకో ల్యాప్‌టాప్ పథకం కింద పల్లె బడులకు పెద్ద ఎత్తున యంత్రాలు పంచింది. 319 బడుల్లో పరిశీలన జరిపి 2012లో ఫలితం ప్రకటించారు. పిల్లల చేతుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి, వాడారు కూడా. భాషలో, లెక్కల్లో మార్కులు పెరిగినట్టు ఆధారం దొరకలేదు.

ఈ మాట ఇక్కడ రాయడానికి కారణం ఉంది. ఈ ఏడాది మన సంస్థకు ట్యాబ్‌లు ఇస్తామని ఒకరిద్దరు పెద్దలు ముందుకొచ్చారని తెలిసింది. వారి మనసు పెద్దది, అల్లాహ్ వారికి మంచి ప్రతిఫలం ఇవ్వాలి. కానీ ఒక్క ట్యాబ్ ధరకు మా ఇద్దరు ఆపాలలో ఒకరికి కొన్ని నెలల భృతి వస్తుంది. ఇప్పుడు వాళ్లు ఆటో ఛార్జీ కూడా సొంతంగా పెట్టుకుని వస్తున్నారు. డిసెంబరులో ఒకామెకు పరీక్షలు వచ్చి మూడు వారాలు రాలేదు. స్పీకర్లు మూడూ ఉన్నాయి, రికార్డులన్నీ ఉన్నాయి. అయినా పిల్లల రాక సగానికి తగ్గింది. స్పీకరు ముందు కూర్చోబెట్టే మనిషి, 'ఇవాళ నీ గొంతు విందాం రా' అని పిలిచే మనిషి లేకపోతే అది పాటల డబ్బాయే.

బద్ర్ యుద్ధం తర్వాత విమోచన ధనం ఇచ్చుకోలేని ఖైదీల్లో చదువు వచ్చినవారిని, పదేసి మంది పిల్లలకు రాయడం చదవడం నేర్పితే విడిచిపెట్టాలని దైవప్రవక్త (స) నిర్ణయించిన ఉదంతం మనం జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. అది హిజ్రీ 2వ సంవత్సరం. చేతికి పైసా అందవలసిన రోజుల్లో కూడా అక్కడ ధనానికి సమానంగా లెక్కకు వచ్చింది, పిల్లల పక్కన కూర్చున్న మనిషి సమయం. మన పద్దు పుస్తకంలో దానికి ఇంకా గడి లేదు.

కుదరని పిల్లలు

అందరికీ చదువు వచ్చిందని రాస్తే మీరు నమ్మకూడదు. వచ్చిన 28 మందిలో నలుగురికి మా పద్ధతి పనిచెయ్యలేదు. ఒక అబ్బాయి రెండు నెలలు స్పీకరు విన్నాడు, వేలు కదిపాడు, ఒక్క పాఠం కూడా సొంతంగా రాలేదు. మొద్దబ్బాయి అని నేనే మనసులో అనుకున్నాను. ఒకరోజు ఆపా గమనించింది. చార్టు మీది నాత్ చదవాలంటే లేచి దగ్గరికి వెళుతున్నాడు. కంటి పరీక్ష చేయిస్తే అద్దాలు కావాలన్నారు. మా స్పీకరు ధరకే అద్దాలు వచ్చాయి. ఇప్పుడు నెమ్మదిగా చదువుతున్నాడు. ఆ తర్వాత ఎవరు కొత్తగా వచ్చినా ముందు చూపు, వినికిడి చూసుకుంటున్నాం. మొదటి రోజే చేయాల్సిన పని అది.

మరొక అబ్బాయికి ఏడో తరగతి. చక్కగా అందుకుంటున్నాడు. నవంబరులో రావడం మానేశాడు. వాకబు చేస్తే మెకానిక్ షెడ్డులో చేర్చారని తెలిసింది. వాడి చివరి రికార్డు ఫోనులో ఉంది, సగం పాఠం దగ్గర ఆగిపోయింది. ఇంటికి రెండుసార్లు వెళ్లాను. షెడ్డు యజమాని మంచివాడే, సాయంత్రం ఒక గంట వదులుతానన్నాడు. ఇంకా రాలేదు. ఆ రికార్డు చెరిపెయ్యలేదు.

ఈ ఏడాది మాకు కావలసినవి పెద్దవి కావు. మైకు బాగున్న పాత ఫోన్లు రెండు మూడు. తెర పగిలినా ఫర్వాలేదు. కథల ప్రింట్లకు కాగితం, సిరా ఖర్చు. పిల్లలకు కంటి పరీక్ష. ఆపాలిద్దరికీ నెలనెలా ఆగకుండా వచ్చే భృతి. ఇది అన్నిటికంటే ముందు. పేరు చెక్కడానికి పలక మాత్రం మా గదిలో లేదు.

ఇంకొకటి అడగాలని ఉంది. పిల్లలు ఇద్దరు ఆపాల గొంతులకు అలవాటుపడిపోయారు. మగ గొంతు, ముసలి గొంతు, రాయలసీమ యాస, కోస్తా యాస, అన్నీ వినాలి. మీలో తెలుగు బాగా చదవగలవారు ఒక సాయంత్రం వచ్చి ఒక్క కథ చదివి రికార్డు చేసి వెళ్లండి. సోమవారం నుంచి గురువారం వరకు అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా గది తెరిచే ఉంటుంది. మాట మాటగా, నిదానంగా చదవాలి. ఫ్యాను ఆపేస్తాం కాబట్టి చెమట పడుతుంది, చేతిరుమాలు తెచ్చుకోండి. గాజులు వేసుకునే సోదరీమణులు ఆ పది నిమిషాలూ వాటిని తీసి పక్కన పెట్టాలి. చప్పుడు రికార్డులో పడుతుంది.